తాగితే మజా లేదు, తాగకపోతే పానం ఆగుతలేదు: కల్లు, డోపమైన్, మెదడు

ప్రశ్న: "మాది కామారెడ్డి దగ్గర పల్లె. నాన్నకు 56 ఏళ్ళు. ఇరవై ఏళ్ళుగా రోజూ కల్లు తాగుతారు, ఇప్పుడు రోజుకు ఆరేడు సీసాలు పడాల్సిందే. మొన్న గట్టిగా నిలదీస్తే 'తాగితే మజా ఏం లేదు బిడ్డా, తాగకపోతే పానం ఆగుతలేదు' అన్నారు. మత్తు పదార్థాలు డోపమైన్ అనే ఆనంద రసాయనాన్ని పెంచుతాయని, అందుకే అలవాటవుతాయని చదివాను. ఆనందమే లేదంటున్న మనిషి ఎందుకు మానలేకపోతున్నారు? ఇంట్లో గదిలో పెట్టి తాళం వేసి మాన్పిద్దామని అన్నయ్య అంటున్నాడు. వేయమంటారా?"

ముందు మీ ఆఖరి ప్రశ్నకు జవాబు చెబుతానమ్మా. తాళం వేయొద్దు. ఇన్నేళ్ళు తాగిన మనిషికి ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు. ఈ ఒక్క ముక్క ఇవాళే అన్నయ్యకు చెప్పండి, మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు.

నేను ఇరవై రెండేళ్ళుగా ఉత్తర తెలంగాణలో మానసిక వైద్యుడిగా పనిచేస్తున్నాను. మీ నాన్నగారు అన్న మాట దాదాపు పొల్లు పోకుండా ఎంతమంది నోట విన్నానో లెక్కే లేదు. ఆ మాటలో ఆయన రెండు సంగతులు చెప్పారు. మజా లేకపోవడం ఒకటి, పానం ఆగకపోవడం ఇంకొకటి. ఈ రెంటికీ మెదడులో వేర్వేరు ఏర్పాట్లున్నాయి. డోపమైన్‌కు 'ఆనంద రసాయనం' అని పేరు పెట్టి రెంటినీ ఒకటే చేసేశారు. ఆ పేరును నమ్మితే మీ నాన్నగారు అబద్ధమాడుతున్నారని అనుకోవాలి. ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

డోపమైన్ కథలో మన నేల మీద పెరిగే మొక్క ఒకటుంది. సర్పగంధ వేరు నుంచి రిసర్పిన్ అనే మందు తీస్తారు, ఒకప్పుడు బీపీకి, పిచ్చి ముదిరినవాళ్ళకు ఇచ్చేవారు. 1957లో స్వీడన్‌లో అర్విడ్ కార్ల్‌సన్ దాన్ని కుందేళ్ళకు ఇచ్చి చూశాడు. అవి ఉన్నచోటే కదలకుండా ఉండిపోయాయి. డోపమైన్ తయారీకి ముడిసరుకైన ఎల్-డోపా ఎక్కిస్తే కాసేపటికే మళ్ళీ లేచి తిరిగాయి. మెదడులో డోపమైన్‌కు సొంతంగా ఒక పని ఉందని అలా తేలింది. ఆయనకు 2000లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఆ కుందేళ్ళు పోగొట్టుకున్నదేమిటో గమనించండి. లేచి ఒక దానివైపు వెళ్ళే ఊపు వాటికి లేకుండా పోయింది.

మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలుంటే, నడిమెదడులో డోపమైన్ చేసేవి నాలుగు నుంచి ఆరు లక్షలు మాత్రమే. వాటిలో ఒక గుంపు ఉండే చోటును వీటీఏ అంటారు. ఆ కణాల పోగులు ముందుకు సాగి, కొన్ని న్యూక్లియస్ అకంబెన్స్ అనే చిన్న ముద్దలోకి, కొన్ని ఇంకా ముందుకు నుదురు వెనకున్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లోకి వెళ్తాయి. మత్తు గురించి ఏం మాట్లాడినా ఈ దారి మీదుగానే మాట్లాడాలి.

1954లో కెనడాలోని మెగిల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ ఎలుక మెదడులో సన్నని తీగ దింపారు. ఎలుక మీట నొక్కితే ఆ చోటుకు చిన్న కరెంటు అందేలా ఏర్పాటు చేశారు. తర్వాతి ప్రయోగాల్లో కొన్ని ఎలుకలు గంటకు 2,000 సార్ల దాకా నొక్కాయి, తిండి పక్కనే ఉన్నా ముట్టలేదు. అప్పుడు దీనికి 'ఆనంద కేంద్రం' అని పేరొచ్చింది. డోపమైన్ మీద ఆనంద రసాయనమన్న ముద్ర పడటానికి మూలం అక్కడుంది. ఎలుక అన్నిసార్లు నొక్కుతోందంటే దానికి ఎంత హాయిగా ఉందో అని అందరూ అనుకున్నారు. పొద్దున్నే కల్లు దుకాణం ముందు నిలబడ్డవాళ్ళను చూసి ఊరివాళ్ళు అనుకునేదీ అదే.

ఈ లెక్క తప్పని చూపించింది మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెరిడ్జ్. 1980ల చివర్లో ఆయన ఎలుకల మెదడులో డోపమైన్ దాదాపు మొత్తం పోయేలా చేశాడు. ఆ ఎలుకలు తిండి వైపు కన్నెత్తి చూడలేదు, నోట్లో పెట్టకపోతే ఆకలితో చచ్చిపోయేవే. కానీ నాలుక మీద తియ్యటి నీళ్ళ చుక్క వేస్తే, మామూలు ఎలుకల్లాగే మూతి నాక్కున్నాయి. రుచి తెలుస్తోంది, బాగుందనీ తెలుస్తోంది, కావాలని మాత్రం లేదు. బాగుండటం ఒక సంగతి, కావాలనిపించడం ఇంకో సంగతి అని అక్కడ విడిపోయింది. డోపమైన్ ఆ రెండోదానికి చెందినది.

మరి బాగుండటానికి ఏ రసాయనం? ఎక్కువగా మెదడు తనకు తానే తయారుచేసుకునే నల్లమందు లాంటివి. నల్లమందు అతుక్కునే గ్రాహకాలు మెదడులో ఉన్నాయని 1973లో కాండేస్ పర్ట్, సాలమన్ స్నైడర్ చూపించారు. రెండేళ్ళకు స్కాట్లాండ్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్‌లిట్జ్ పంది మెదళ్ళ నుంచి ఆ గ్రాహకాల కోసం శరీరమే చేసుకునే ఎన్‌కెఫలిన్‌లను వెలికి తీశారు. గంజాయికి సరిపోలే సొంత పదార్థం 1992లో ఇజ్రాయెల్‌లో దొరికింది. దాన్ని కనిపెట్టినవాళ్ళు సంస్కృతంలోని 'ఆనందం' అన్న మాట తీసుకుని 'ఆనందమైడ్' అని పేరు పెట్టారు. డోపమైన్ కంటే ఆ పేరు దానికే తగింది. నిజమైన హాయి పుట్టే చోట్లు ఎలుక మెదడులో ఒక ఘనపు మిల్లీమీటరు పాటివి. కావాలనిపించే యంత్రాంగం వాటితో పోలిస్తే చాలా పెద్దది, బలమైనది. మనిషికి తృప్తి ఎందుకంత తొందరగా కరిగిపోతుందో, కోరిక ఎందుకంత సాగుతుందో దీన్ని చూస్తే నాకు కొంత అర్థమవుతుంది.

ఇప్పుడు మీ నాన్నగారి పొద్దుటి నడక దగ్గరికి వద్దాం. స్విట్జర్లాండ్‌లో వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ కోతుల మెదడులోని ఒక్కో డోపమైన్ కణం ఎప్పుడు స్పందిస్తుందో కొలిచాడు. అనుకోకుండా నోట్లో పళ్ళరసం పడితే కణం ఒక్కసారి చెలరేగింది. రసానికి ముందు ప్రతిసారీ దీపం వెలిగిస్తూ పోతే, కొన్నాళ్ళకు కణం దీపానికి చెలరేగడం మొదలుపెట్టింది, రసం పడ్డప్పుడు ఏమీ లేదు. దీపం వెలిగాక రసం రాకపోతే, రావాల్సిన సరిగ్గా ఆ క్షణానికి కణం మూగబోయింది. అంటే ఈ కణాలు లెక్కగట్టేది అనుకున్నదానికీ వచ్చినదానికీ మధ్య తేడా. అనుకున్నదానికంటే మేలైనది వస్తే, 'దీనికి ముందు ఏం జరిగిందో గుర్తుపెట్టుకో, మళ్ళీ అటే వెళ్ళు' అని ముద్ర వేస్తాయి. అనుకున్నదే వస్తే ఊరుకుంటాయి.

మామూలు సుఖాల్లో ఈ నేర్చుకోవడం ఒకచోట ఆగుతుంది. మీ అమ్మగారి చేతి పులుసు ఎంత బాగున్నా పదోసారికి అది తెలిసిన రుచే, డోపమైన్‌కు కొత్తగా ముద్ర వేయాల్సిన పని లేదు. మత్తు పదార్థం ఈ లెక్కను లెక్కచేయదు. అది రసాయనంగానే, ఏదో ఒక దారిన, డోపమైన్‌ను పెంచేస్తుంది. మనిషికి మజా వచ్చినా రాకపోయినా ప్రతి సీసాకూ 'అనుకున్నదానికంటే మేలు' అన్న ముద్ర పడుతూనే ఉంటుంది. ఇరవై ఏళ్ళు, రోజుకు ఆరేడు ముద్రలు. దుకాణం మలుపు, ఈగలు ముసిరిన గంపలు, సీసాల చప్పుడు, పులిసిన వాసన, పక్కన ఉడికించిన శనగలు, జతగాళ్ళ పలకరింపు, వీటన్నిటిలో ఒక్కొక్కటీ షుల్ట్జ్ వెలిగించిన దీపమే. మీ నాన్నగారిలో డోపమైన్, సీసా ఎత్తేటప్పటికంటే మలుపు తిరిగేటప్పుడే ఎక్కువగా లేస్తుంది. ఆ లేవడం ఆయనకు సంతోషంలా తోచదు. కాళ్ళు లాగుతున్నట్టు, అక్కడికి చేరేదాకా మనసు నిలవనట్టు ఉంటుంది.

దీనికి మనుషుల్లోనే గట్టి రుజువుంది. మెదడులో డోపమైన్ తగ్గిపోయే పార్కిన్సన్ వ్యాధికి డోపమైన్ గ్రాహకాలను తట్టే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ వంటి మాత్రలు ఇస్తాం. వాటితో, జీవితంలో పేక ముట్టని కొందరు పెద్దమనుషులకు జూదం పిచ్చి పడుతుంది. అడిగితే సంతోషం పెరిగిందని చెప్పరు, ఆడకుండా ఉండలేకపోతున్నామంటారు. మాత్ర తగ్గిస్తే చాలామందిలో ఆ పిచ్చి దానంతటదే దిగిపోతుంది. ఇంట్లోవాళ్ళు 'ముసలితనంలో ఇదేం బుద్ధి' అని తిట్టుకున్న మనిషి మూడు వారాల్లో మామూలైపోవడం కళ్ళారా చూశాక, వ్యసనపరుల గుణగణాల మీద తీర్పులు చెప్పడం నేను మానేశాను.

మీరు కల్లు అని రాశారు, ఏ కల్లో రాయలేదు. ఇది చాలా ముఖ్యం. చెట్టు నుంచి దించిన ఈత కల్లు, తాటి కల్లు పులిస్తే అందులో ఆల్కహాల్ ఇంచుమించు బీరులో ఉన్నంతే. కానీ ఒక చెట్టు రోజుకు ఇచ్చేది కొద్ది లీటర్లు, అదీ కాలాన్ని బట్టి. ఎండాకాలం, వానాకాలం తేడా లేకుండా ఒకే ధరకు, ఒకే మత్తుతో, ఎన్నంటే అన్ని సీసాలు దొరుకుతున్నాయంటే అది మందు కల్లే అని నా అనుభవం. నీళ్ళలో చక్కెర, శాకరిన్ కలిపి, మత్తుకు క్లోరల్ హైడ్రేట్, డయజిపామ్, ఈమధ్య ఎక్కువగా ఆల్ప్రజోలమ్ వేస్తారు. ప్రాణాలకు తెగించి చెట్టెక్కే గీత కార్మికుల తప్పుగా దీన్ని చూడకండి, వాళ్ళ కల్లును ఈ మందు కల్లే మింగేసింది. మీ నాన్నగారు తనకు తెలియకుండానే ఇరవై ఏళ్ళుగా నిద్రమాత్రలు తాగుతూ ఉండవచ్చు.

ఆల్కహాలైనా, ఆల్ప్రజోలమైనా, క్లోరల్ హైడ్రేటైనా మెదడులో ప్రధానంగా పట్టుకునేది గాబా గ్రాహకాన్ని. గాబా అంటే కణాలను నెమ్మదింపజేసే రసాయనం. మరి నెమ్మదింపజేసేది డోపమైన్‌ను ఎలా పెంచుతుందని మీకు సందేహం రావాలి. చాలా ఏళ్ళు శాస్త్రజ్ఞులకూ అది అంతుపట్టలేదు. వీటీఏలో డోపమైన్ కణాల పక్కనే వాటిని అదుపులో ఉంచే గాబా కణాలుంటాయి, జొన్నచేనులో మంచె మీద కాపలా ఉన్నట్టు. మాత్ర ముందుగా నిద్రపుచ్చేది ఆ కాపలావాళ్ళనే. మంచె మీద మనిషి కునుకు తీస్తే పిట్టలు చేను మీద వాలినట్టు, డోపమైన్ కణాలు అదుపు తప్పుతాయి. 2010లో జెనీవాలో క్రిస్టియన్ లూషర్ బృందం చిట్టెలుకల్లో దీన్ని నిరూపించింది. కాపలా కణాల మీదుండే ఒకానొక రకం గాబా గ్రాహకానికి మాత్ర అతుక్కోకుండా జన్యువు మారిస్తే, ఆ చిట్టెలుకలు మందు కలిపిన నీళ్ళను ఎంచుకోవడం మానేశాయి.

నల్లమందు, హెరాయిన్ కూడా ఇలాగే మంచె మీదివాణ్ణి పడుకోబెడతాయి, వేరే గ్రాహకం ద్వారా. కొకైన్ డోపమైన్‌ను వెనక్కి పీల్చుకునే పంపును మూసేస్తుంది. మెథ్ అనే మత్తుమందు ఆ పంపును వెనక్కి తిప్పి డోపమైన్‌ను బయటికి కక్కిస్తుంది. నికోటిన్ డోపమైన్ కణాన్నే నేరుగా తడుతుంది. దారులు వేరు, చేరే ఊరు ఒకటే. 1988లో ఇటలీలో డి కియారా, ఇంపెరాటో ఎలుకల్లో ఇలాంటి మత్తులను పక్కపక్కన పెట్టి కొలిస్తే, అన్నిట్లోనూ న్యూక్లియస్ అకంబెన్స్‌లో డోపమైన్ పెరిగింది.

ఎంత పెరిగిందన్నది ఎంత ముఖ్యమో ఎంత తొందరగా పెరిగిందన్నదీ అంతే ముఖ్యం. బీడీ దమ్ము నుంచి నికోటిన్ మెదడుకు చేరడానికి పది, ఇరవై సెకన్లు చాలు. అదే నికోటిన్‌ను చర్మానికి అంటించే పట్టీ ద్వారా మెల్లగా ఇస్తే అలవాటు మాన్పించే మందవుతుంది. మందు కల్లులో డయజిపామ్ స్థానంలోకి ఆల్ప్రజోలమ్ రావడం నన్ను భయపెట్టేది ఇందుకే. అదీ తొందరగానే ఎక్కుతుంది, కానీ డయజిపామ్ కంటే చాలా తొందరగా దిగుతుంది. దిగినప్పుడల్లా మెదడు మళ్ళీ అడుగుతుంది.

ఇక మజా ఎటుపోయింది? రోజూ బయటి నుంచి గాబా పని జరిగిపోతుంటే మెదడు తన వంతు తగ్గించుకుంటుంది. గాబా గ్రాహకాల చురుకు తగ్గుతుంది, వాటికి ఎదురుగా పనిచేసే గ్లూటమేట్ వ్యవస్థ పెరుగుతుంది. కావడిలో ఒకవైపు బరువు వేస్తూ పోతే రెండోవైపూ వేసుకుని సమం చేసుకున్నట్టు. డోపమైన్ వైపూ అంతే. అమెరికాలో నోరా వోల్కో కొకైన్, మెథ్, మద్యం అలవాటున్నవాళ్ళకు, మెదడు లోపలి రసాయనాల తీరు చూపే పెట్ స్కాన్‌లు చేస్తే డీ2 అనే డోపమైన్ గ్రాహకాలు తక్కువగా కనిపించాయి. మీ నాన్నగారికి కల్లులోనే కాదు, మనవడి ఆటలోనూ పండగలోనూ ఏ సంబరమూ లేకపోతే, ఆయన మనసు రాయైందని అనుకోకండి. వీటన్నిటి మీద మెదడు ఒత్తిడి రసాయనాలను కూడా పెంచుకుంటుంది. డైనార్ఫిన్, సీఆర్‌ఎఫ్ అనేవి పొద్దున లేవగానే దిగులు, చిరాకు, గుండెదడ తెస్తాయి. మొదట్లో హాయి కోసం తాగినవాళ్ళు చివరికి ఆ బాధ తగ్గడానికి తాగుతారు. "పానం ఆగుతలేదు" అంటే ఇదే.

కావడి రెండువైపులా బరువున్నప్పుడు ఒకవైపుది హఠాత్తుగా తీసేస్తే ఏమవుతుంది? 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి కల్లు దుకాణాలు మూసినప్పుడు తెలంగాణ అంతటా అదే జరిగింది. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికీ, జిల్లా ఆసుపత్రులకూ మనుషులు వెల్లువలా వచ్చారు. ఆ రోజుల్లో మా వార్డులో ఒకామెను చూశాను. కల్లు లేక మూడో రోజు, రెండుసార్లు ఫిట్స్ వచ్చాక తీసుకొచ్చారు. మంచం మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, ఒళ్ళో లేని చాటలోంచి లేని తునికాకు తీసి, చిటికెడు తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, గోటితో మూతి మడిచి పక్కన పెడుతోంది. చూపు ఎవరి మీదా లేదు. వేళ్ళు మాత్రం ఒక్క మెలిక తప్పడం లేదు. నర్సు చెయ్యి పట్టుకుంటే, "వెయ్యి కాలే, శేటు తిడతడు" అని విడిపించుకుంది. ముప్పై ఏళ్ళు బీడీలు చేసిన చేతులవి. నాలుగో రోజుకు మందులతో తెలివి వచ్చింది. తనేం చేసిందో ఆమెకు ఏమీ గుర్తు లేదు.

మీ అన్నయ్య తాళం వేస్తే గది లోపల జరగగలిగేది ఇది. వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడంతో మొదలై ఫిట్స్, మతిభ్రమ దాకా పోవచ్చు. సమయానికి వైద్యం అందక చనిపోయినవాళ్ళున్నారు. మత్తులన్నిట్లో ఆపడమే ఇంత ప్రమాదంగా మారేవి ఆల్కహాల్, నిద్రమాత్రల జాతి. మీ నాన్నగారు తాగేదాంట్లో రెండూ ఉండవచ్చు.

చికిత్స ఈ లెక్కల్లోంచే పుట్టింది. తొందరగా దిగిపోయే మందు స్థానంలో మెల్లగా దిగే డయజిపామ్ వంటిది కొలత ప్రకారం ఇచ్చి, వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గిస్తాం. కావడి రెండువైపులా కలిపి బరువు దించడమన్నమాట. తిండి సరిగా లేక విటమిన్ బీ1 తగ్గి ఉంటుంది, అది లోపిస్తే మెదడుకు శాశ్వత నష్టం కాబట్టి థయమిన్ ముందే ఎక్కిస్తాం. ఆ తర్వాత మద్యం మీదికి మనసు పోతుంటే, కాలేయం బాగున్నవాళ్ళకు నల్ట్రెక్సోన్ ఉంది. తాగితే విడుదలయ్యే మెదడు సొంత నల్లమందును అది అడ్డుకుంటుంది. నిద్రమాత్రల మత్తు మీద దానికి పట్టు లేదు, కాబట్టి మందుల షాపులో దాన్ని సొంతంగా కొనొద్దు.

ఒంటికి సంబంధించిన ఈ భాగం కొన్ని వారాల్లో చక్కబడుతుంది. ఇంట్లోవాళ్ళు అప్పుడు ఊపిరి పీల్చుకుంటారు, నాకు దిగులు మొదలయ్యేది అప్పుడే. దీపాలు ఇంకా వెలుగుతూనే ఉంటాయి కదా. ఎనిమిది నెలలు ముట్టని ఒక రైతు నాకు చెప్పాడు: బస్సు ఒక ఊళ్ళో కల్లు దుకాణం ముందు ఆగింది, కిటికీలోంచి వాసన వచ్చింది, నోట్లో నీళ్ళూరాయి, చేతిలో టికెట్టు వణికింది. తాగాలన్న ఆలోచన ఇంకా రానేలేదట, ఒళ్ళు ముందే లేచి నిలబడిందట. ఆయన బస్సు దిగలేదు, భార్య మోచెయ్యి పట్టుకుంది. ఇలాంటి చోట "మనసు గట్టిగా ఉంటే చాలు" అనే మాటకు అర్థం లేదు. గట్టిగా ఉండాల్సిన ప్రీఫ్రంటల్ భాగమే ఇన్నేళ్ళ మత్తుతో నీరసపడి ఉంటుంది, అది కోలుకోవడానికి నెలలు పడుతుంది. కోలుకుంటుంది కూడా. మెథ్ వాడి మానేసినవాళ్ళలో ఏడాది పైబడ్డాక డోపమైన్ పంపులు చాలావరకు తిరిగి రావడం స్కాన్‌లలో కనిపించింది.

ఒక హెచ్చరిక. కొన్ని వారాలు మానాక శరీరం పాత మోతాదును తట్టుకోలేదు. మళ్ళీ తాగుడులోకి జారిన రోజున ఎప్పటిలా ఆరు సీసాలు పోస్తే ఊపిరి మందగించవచ్చు. జారితే తిట్టకండి, దాచుకుని తాగితే ఇంకా ప్రమాదం. వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది చెబుతాను. అపాయింట్‌మెంట్ దొరికేదాకా ఆయన తాగేది హఠాత్తుగా ఆపించొద్దు, బండి మాత్రం నడపనివ్వకండి. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి వెళ్ళండి. దారి తెలియకపోతే టెలీమానస్ నంబరు 14416, మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446, రెండూ ఉచితం. వెళ్ళేముందు ఒక కాగితం మీద రాసుకోండి: రోజుకు ఎన్ని సీసాలు, ఆఖరి సీసా ఎప్పుడు తాగారు, ఎప్పుడైనా తాగకుండా ఉన్న రోజున ఫిట్స్ వచ్చాయా, షుగరు, బీపీ, కాలేయం సంగతి, వేసుకుంటున్న మాత్రలు. "మందు కల్లు అయ్యుంటుంది" అని డాక్టరుకు మీరే ముందుగా చెప్పండి, చెట్టు కల్లు అనుకుంటే మోతాదు లెక్క తప్పుతుంది. ఈలోగా చేతులు వణుకుతూ లేనివి కనిపిస్తున్నాయన్నా, ఫిట్స్ వచ్చినా, మాట పొంతన లేకపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, 108కి ఫోన్ చేయండి.

మరొకటి, ఇది అన్నయ్య చేయగలిగిన పని. మీ ఇంటి నుంచి పొలానికి దుకాణం ముందు నుంచి కాకుండా వేరే బాట ఉందేమో చూడమనండి. ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటి మూడు నెలలు, పొద్దున ఆ గంటకు, నాన్నతో కలిసి ఆ బాటన నడవమనండి.